బండి చప్పుడు

మలాయెర్ దాటాక తారు రోడ్డు వదిలి
ఎడమకు తిరిగితే నా ఉద్యోగం.
ఫారంలో చచ్చిన కోళ్లను సాయంత్రం
తోపుడు బండికెత్తి గుంటలో పారబోయాలి.
మామూలు రోజు ఒక బండి, ఎండలు ముదిరితే మూడు,
జబ్బు తగిలిన వారం లెక్కే లేదు.

చక్రం కీచుమంటుంది.
నూనె పెట్టమని మేనేజరు పద్నాలుగేళ్లుగా తిడుతున్నాడు.
పెట్టలేదు.
ఆ చప్పుడు వినే వాళ్లు కొండ దిగుతారు.

వాళ్లు అనే అంటాను.
మునిమాపున పేరెత్తితే గడప తొక్కుతాయని
మా అమ్మ గోల్‌నెసా భయం.

టెహ్రాన్ నుంచి చదువుకునే పిల్ల వచ్చింది, మహ్‌రుఖ్.
వాళ్ల ఎండిన పెంట ఏరుకొచ్చి
పాత పేపరు మీద పట్టకారుతో విప్పింది.
ఈకలు. ఈకలు. కోడి గోరొకటి.
మా కంపెనీ ముద్రున్న సంచి ముక్క.
మళ్లీ ఈకలు.
"కొండగొర్రె వెంట్రుక ఒక్కటైనా ఉంటుందనుకున్నా."
నాకు నవ్వొచ్చింది.
కొండగొర్రెను నేను చూసింది తాత మాటల్లోనే;
అది గంతులేసిన కొండ ఇప్పుడు సగం క్వారీ,
మిగతా సగం శనగ చేను.

"ఎన్ని ఉంటాయి?"
"నాకు తెలిసినవి కళ్లేనమ్మా.
లెక్కపెట్టి సగం చేసుకో.
కుంటిదాన్ని మాత్రం విడిగా రాయి,
ముందుకాలు ఉచ్చులో వదిలేసి వచ్చింది.
అందరికంటే ముందు అదే వస్తుంది."

చలికాలం మొదట్లో కాల్చే యంత్రం దిగింది.
గుంట పూడ్చేశారు.
ఇప్పుడు వాసన కొండదాకా పోతుంది,
కూడు పోదు.
నాలుగు రాత్రులు వచ్చి
కొత్త మట్టి మీద కూర్చుని పోయారు.
అయిదో రాత్రి ఖోదామోరాద్ దొడ్లో
పదకొండు గొర్రెలు. తిన్నది ఒకటే.
మేకుల పట్టెడ వేసుకున్న కుక్క
పట్టెడతోనే పడి ఉంది.

ఖోదామోరాద్ ఏడవలేదు.
గొర్రెల అప్పు ఇంకా రెండేళ్లుంది.
తుపాకీ తుడుచుకుంటూ అన్నాడు:
"నువ్వేం చెయ్యక్కర్లేదు సఫర్.
రేపు చీకటి పడ్డాక
ఖాళీ బండి తోసుకుంటూ రా, చాలు."

ఆ రాత్రి
దీపం దగ్గర బండిని బోర్లించి
ఇరుసుకి నూనె పెట్టాను.
ఒకసారి, మళ్లీ ఒకసారి.
చక్రం వేలితో తిప్పితే ఊపిరంత కూడా వినపడలేదు.

మర్నాడు తోశాను.
వెనక పది అడుగుల్లో ఖోదామోరాద్.
గుంట దాకా మెత్తగా నడిచింది.

మలుపులో,
రాయి తగిలిందో, పాత అలవాటో,
ఒక్కసారి కీచుమంది.