గాలి పడనిది

నా గది కిటికీలోంచి రూర్ నది కనిపించదు,
దాని మీది మంచు కనిపిస్తుంది.
ముప్ఫై ఒకటో ఏడు, ఇదే మంట ముందు.
బుగ్గలు వదులయ్యాయి.
గాజు మాత్రం ఇంకా నా మాట వింటోంది.

రెండు మెడల సీసా కావాలన్నాడు యోరిస్,
మూడో అంతస్తు ల్యాబు కుర్రాడు.
"దానికి గాలి పడదు ఇర్మ్‌గార్ట్" అన్నాడు,
చంటిదానికి ఆవుపాలు పడవని చెప్పే తల్లిలా.

నికెల్ అట. అటొకటి ఇటొకటి
రెండు కర్బన వలయాలు.
చెయ్యి పట్టుకున్నట్టు కాదు,
ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు.
లోహానికి ఇంత పసుపు వస్తుందని
ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

నవ్వొచ్చింది.
సీసా పుట్టిందే నా ఊపిరితో.
తిప్పి ఊది, ఊది తిప్పి
పొట్ట తెప్పించాను, మెడలు అతికించాను.
అతనేమో పైకి పట్టుకుపోయి
పంపు తగిలించి, సెగ చూపించి
నా ఊపిరంతా పీకి పారేస్తాడు.
ఆర్గాన్ నింపుతాడు,
ఎవరింటికీ వెళ్లని, ఎవరినీ పిలవని వాయువు.

మూడు వారాలకి, గురువారం రాత్రి,
సీసా నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.
లోపల పసుపు లేదు.
పొయ్యి అడుగు మసి.

దీపాలార్పి, పంపు పెట్టి
మెరుపుకడ్డీ గాజు వెంట నడిపించాను.
ఊదారంగు నిప్పురవ్వ తడుముకుంటూ పోయి
రెండో మెడ అతుకు దగ్గర
సూదిలా లోపలికి దూరింది.

వెంట్రుక పట్టని కన్నం.
నా అతుకే.
ఆ రోజు మధ్యలో దగ్గొచ్చింది, గుర్తుంది.
మా నాన్న దగ్గు లాంటిదే,
ఓబర్‌హౌజెన్ గనిలోంచి ఆయన మోసుకొచ్చి
చివరికి సిలిండరు పక్కన పడుకోబెట్టుకున్న దగ్గు.
ఆయనకి గాలి చాలలేదు.
దీనికి రవ్వంత గాలే ఎక్కువైంది.

"తప్పు నాది" అన్నాను.
అతను కాదనలేదు. అది నచ్చింది నాకు.

మళ్లీ మంట వెలిగించాను.
ఊరుకోలేక అతనే అన్నాడు:
మన రక్తంలోనూ ఇలాంటిదే ఉందిట,
వలయం నడుమ ఇనుము.
దానికి గాలే పని.
ఊపిరితిత్తుల్లో ఎత్తుకుంటుంది, దారిలో దించేస్తుంది.
"దించడం ఎవరు నేర్పారు?" అడిగాను.
గొట్టం నోట్లో ఉండగా అడిగితే
ఏం వినబడిందో, తలూపాడు.

తెల్లారేసరికి అయింది.
రాత్రంతా కొలిమిలో చల్లార్చాను.
ఇంకా గోరువెచ్చగానే ఉంది,
తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్లాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నాను.
మూడో అంతస్తు దాకా
అందులో ఉన్నది నా ఊపిరే.