ఏ శాఖ?

దరఖాస్తులో "ఏ శాఖ?" అన్నచోట
గీత మాత్రం గీశాను.
మొదటి ఏడు అన్నీ రుచి చూడమన్నారు:
సోమవారం కప్ప గుండె,
మంగళవారం సర్క్యూట్ బోర్డు,
బుధవారం మహేంద్రతనయ నీళ్లు సీసాలో పట్టి
ఉప్పెంతో లెక్కగట్టడం.

"ఏడాది దండగ" అన్నాడు బావ,
పర్లాకిమిడి బస్టాండులో అందరూ వినేలా.

కొమ్ము బొమ్మలు చేసే దైతారి మహారణా
మా పక్కింటాయన.
కొత్త కొమ్ము చేతికొస్తే
రంపం ముట్టడు.
దీపం దగ్గర తిప్పుతాడు,
చెవి దగ్గర పెట్టి గోటితో కొడతాడు.
"కొంగా? రొయ్యా?" అంటే
"అదింకా చెప్పలేదు" అంటాడు
సగం ఒడియాలో, సగం మన మాటలో.

నిన్న మార్కులొచ్చాయి.
కప్ప పోయింది. నీళ్లు నిలిచాయి.

రాత్రి బావ ఫోను.
"ఇంతకీ ఏ శాఖ?"
అదింకా చెప్పలేదు, అన్నాను.

"ఏది?" అన్నాడు.