గోరుమందం నీరు

నలభై ఏళ్లు మనుషుల ఇళ్లకు కిటికీలు బిగించాను.
ఇప్పుడు నాచుకు బిగిస్తున్నాను.

బొహేమియా దక్షిణాన, చేపల చెరువుల నడుమ,
పాత పిండిమర వెనకాల
వాలుగా పరిచిన అద్దాలు,
ఇంటికప్పు జారి నేల మీద పడుకున్నట్టు.
వాటి మీదుగా పచ్చటి నీళ్లు గోరుమందాన జారతాయి,
తొట్టిలో పడతాయి, పంపు ఎత్తిపోస్తే
మళ్లీ పైకెళ్లి మళ్లీ జారతాయి.
పొద్దస్తమానం అదే పని.

"ఇంత పల్చగా ఎందుకమ్మా?" అన్నాను జ్దిస్లావాతో.
తెల్లకోటు పిల్ల. చేతికి ఎప్పుడూ పచ్చ మరకే.
"లోతుంటే పైనున్నవే తాగేస్తాయి తాతా,
కిందివాటికి ఎంగిలి వెలుగు కూడా మిగలదు."
బంతి చివర కూర్చున్నవాడికి గరిటె అందనట్టు.
అందుకే నీళ్లు పొర్లాలి,
ఒక్కో కణం రెప్పపాటు పైకొచ్చి
ఒక గుక్క ఎండ తాగి
చీకట్లోకి మునిగి నెమరేసుకోవాలి.

నేను అద్దానికి మరక లేకుండా చూస్తాను. అంతే నా చదువు.

ఏప్రిల్లో ఒక తెల్లవారి
గడ్డి మీద మంచు ఉప్పులా ఉంది,
ఆకాశం కడిగిన గాజు.
నాకే తొందర. ఇంత ఎండ వృథా పోతోందని
ఆ పిల్ల రాకముందే పంపు తిప్పాను.
మధ్యాహ్నానికి పచ్చ పాలిపోయింది,
బఠాణీలు ఉడికించి వంచిన నీళ్లలా.

ఆమె తిట్టలేదు.
సీసాలో కాసిని పట్టి వెలుగుకెత్తి చూసి,
"చలికి చేతులు కొంకర్లు పోయినవాడి నెత్తిన
బస్తా మీద బస్తా వేశావు తాతా" అంది.
తినలేని వేళ పెట్టిన తిండీ దెబ్బేనట.

చెరువు వలలు తెచ్చి అద్దాల మీద కప్పాం ఇద్దరం.
పాతవి, చేపల పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి.
నీడ గళ్లు గళ్లుగా పడింది.
కంటి పొర తీసిన వారం
యార్మిలా గదికి నేను కట్టిన దుప్పటి గుర్తొచ్చింది.
వెలుగు కోసం ఏడ్చిన మనిషే
వెలుగొచ్చాక చేత్తో మొహం కప్పుకుంది.
ఆ సంగతి జ్దిస్లావాకు చెప్పలేదు. వలకు ముడి వేశాను.

నాలుగో రోజుకు కోలుకున్నాయి. అన్నీ కాదు.

ఒకటి మాత్రం నాకింకా మింగుడుపడదు:
సెప్టెంబర్ వచ్చి పొద్దు కురచయ్యేకొద్దీ
ఇవి మరింత చిక్కటి పచ్చవుతాయి.
రాబడి తగ్గినకొద్దీ గిన్నెలు పెద్దవి చేసుకునే సంసారం.
ఎండలు ముదిరిన జూలైలోనేమో లేత రంగు, ధీమా.
పెరిగేది అప్పుడు, పచ్చగా కనిపించేది ఇప్పుడు.
"రంగు చూసి పంట అనుకోకు" అని ఆ పిల్ల నవ్వుతుంది.
రాత్రిళ్లు పగటి సంపాదనలో కొంత
ఊరికే ఊపిరికే ఖర్చవుతుందట.
ఉదయం తూచితే తక్కువ.
నేనూ అంతే, మోకాళ్లు పట్టుకుని మంచం దిగేటప్పుడు.

అక్టోబర్ ఆఖరు. పంపు ఆపేశారు.
అద్దాలు ఒక్కొక్కటీ విప్పి గడ్డిలో ఆనించి తుడుస్తున్నాను.
పదిహేడోది అంచున చిట్లింది. ఎప్పుడు చిట్లిందో.
ఆ సందులో, గుడ్డ అందని చోట,
సన్నటి పచ్చ గీత.
గోటితో గీకబోయి ఆగాను.
మబ్బు పట్టిన పొద్దు వైపు
అద్దాన్ని కాస్త తిప్పి పెట్టాను.
పుట్టీ రేపు పెట్టొచ్చు.