తిట్లకు గిరాకీ

వాల్పరైసో కొండ మెట్లు
బూట్ల మడమల్ని తినేస్తాయి.
అయినా ఎదువిహిస్ కొట్టుకు బేరాల్లేవు.

మేనకోడలు యస్నా ఫోను పట్టుకొచ్చింది.
"ఒక్కసారి నవ్వు అత్తా, లైకులొస్తాయి."
నోటినిండా మేకులు, నవ్వెలా?

అప్పుడే ఎవడో బూటు తెచ్చి బల్లమీద పెట్టాడు.
మేకులు అరచేతిలోకి ఉమ్మి అందుకుంది:
"ఇది నడకా, అప్పులవాడికి దొరక్కుండా పరుగా?
తిన్నగా నిలబడ్డం మీ అమ్మ నేర్పలేదూ?"

ఆ ముక్కే పెట్టింది యస్నా.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఈ నోటికి ఊరే మెట్లెక్కి వచ్చింది.
సాంతియాగో నుంచి ఒక జంట
నిన్న కొన్న బూట్లు ముందు పెట్టి
"మమ్మల్నీ తిట్టవా" అని ఫోన్లు ఎత్తారు.
మడత పడని తోలు.
ఏమని తిడుతుంది?
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఎదువిహిస్ మాట తడుముకుంది.

రోజుకు ఇరవై మందే, మిగతావాళ్లు రేపు.
యస్నా చీటీలు రాస్తోంది.

వరస చివర, కొండ లిఫ్టు నడిపే ఎవారిస్తో,
అట్టముక్క కుక్కిన బూటు చంకలో దాచుకుని.
పదకొండేళ్ల ఖాతా.
ఎదువిహిస్ అందర్నీ దాటి వెళ్లి
బూటు లాక్కుంది.
ఒక్క మాటా అనలేదు.

యస్నా ఫోను ఎత్తింది.
"అది దించవే" అంది,
మేకుల సందులోంచి.