సొరంగంలో లెక్క

నేను చెప్పే పాఠం భూగోళం.
ఫిజిక్స్ మాస్టారు కుతాయిసీకి బదిలీ చేయించుకున్నాక
అదీ నా నెత్తిన పడింది,
బడి పొయ్యికి కట్టెలు లెక్కపెట్టే పనితో పాటు.

స్వానేతి కొండల్లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
తొమ్మిదో తరగతి. పదకొండు మంది. ఒక తెర.
తెరలో జెనీవా నుంచి ఇనేస్ అనే అమ్మాయి
చేతులు తిప్పుతూ చెబుతోంది:
"కణాలు ఎక్కడో లేవు, ఇప్పుడే మీ..."
అక్కడ ఆగిపోయింది,
నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి,
తుమ్ము రాబోతున్న మనిషిలా.

మంచు పడితే మాకు నెట్ అందదు.
మీ ఏమిటి? మీ ఊళ్ళోనా? మీ పుస్తకంలోనా?
పందేలు కాసుకున్నారు.
"మీ జేబులో" అంది గ్వాంత్సా,
వెతికి, గుండీ ఒకటి చూపించింది.

ఆ బొమ్మ కదలదని తేలాక
ఆవిడ ముందే పంపిన కాగితం తీశాను.
చేప చచ్చి ఖాళీగా ఉన్న అక్వేరియం బోర్లించాం.
కింద నల్లరంగు వేసిన రొట్టెల పళ్ళెం.
చేపల వ్యానువాడు ఇచ్చిన పొడి ఐసు.
స్పిరిట్‌లో తడపడానికి దళసరి గుడ్డ కావాలి:
బెసో వాళ్ళ తాత ఉన్ని టోపీలోంచి ఒక ముక్క వచ్చింది.
తాతకి చెప్పావా అని నేనడగలేదు.

ఇరవై నిమిషాలు ఏమీ లేదు.
తర్వాత ఒక గీత.
సుద్దముక్కతో గీసి
ఎవరో వెంటనే తుడిచేసినట్టు.
ఇంకోటి. అదిగో అక్కడ. నేను చూడలేదే, నువ్వెప్పుడూ అంతే.
రేకు దాటి, రేకు మీది మంచు దాటి,
పిలవని పేరంటానికి వచ్చి
కూర్చోకుండానే వెళ్ళిపోయే చుట్టాలు.
మ్యూయాన్లట. రెప్పపాటులో లక్షోవంతు బతుకట.
ఆ కాస్త బతుకులో ఇంత దూరం ఎలా వచ్చాయి?
ఆ పేజీ రెండుసార్లు చదివాను, పట్టుబడలేదు.
పిల్లలకీ అదే చెప్పాను, రెండుసార్లు చదివానని.

బెసో మాత్రం గీతలు చూడటం మానేశాడు.
"మా నాన్న దగ్గరికి కూడా వస్తాయా?"

ఒతియాది కరెంటు ప్రాజెక్టు సొరంగంలో పని.
అతని నెత్తి మీద ఆరువందల మీటర్ల కొండ.

మర్నాడు ఇనేస్ మళ్ళీ కదిలింది.
నిన్న ఏం చెప్పబోయారంటే
గుర్తులేదంది, నవ్వింది.
సొరంగం సంగతి అడిగితే నవ్వలేదు.
"చాలా తక్కువ వస్తాయి. మీ పెట్టెలో ఎన్నో
నాకు తెలీదు. లెక్కపెట్టి చెప్తారా?"

తెలీదన్న పెద్దవాళ్ళని మా పిల్లలు ఎరుగుదురు.
తెలీదని, ఆ పని తమకే అప్పగించినవాళ్ళని
చూడటం అదే మొదలు.

శనివారం. చెవుల మీదికి జారే హెల్మెట్లు.
ఒతియా భోజనం వేళకి లోపలికి చేరాం.
దీపాలు ఆర్పించాం, ఒక్క టార్చి పక్కనుంచి.
నలభై నిమిషాలు.
పొడుగ్గా, సన్నగా, పైనుంచి దిగేవి: ఒక్కటీ లేదు.
బెసో ముఖం చూడలేక నేను ఐసు సర్దుతున్నాను.

అప్పుడు గ్వాంత్సా గుసగుసగా:
"ఇవేంటి మరి?"
మొక్కజొన్న గింజంత పొట్టి గీతలు, లావుగా,
పక్కనుంచి, అడుగునుంచి, ఎటు పడితే అటు,
బడిలో చూసినవాటికన్నా ఎన్నో ఎక్కువ.
ఆకాశం నుంచి కాదు.
రాతిలోంచి ఊరి గాలిలో కలిసినదేదో.

ఒతియా రొట్టె పక్కన పెట్టి
గోడ మీద చెయ్యి వేశాడు.
"పదిహేడేళ్ళుగా తొలుస్తున్నాను దీన్ని.
ఒక్కసారైనా చెప్పలేదు నాతో."

నోటుబుక్కులో రాసుకున్నాం.
పొడుగువి: సున్నా.
పొట్టివి: ముప్పై ఒకటి. బెసో లెక్కలో ముప్పై మూడు.
కొట్టెయ్యకుండా రెండూ ఉంచాం.

సోమవారం ఇనేస్‌ని అడగాల్సినవి:
ఒకటి, రాయి ఎందుకు ఇలా చేస్తుంది.
రెండు, ఎప్పటి నుంచి.
మూడోది బెసో రాయించాడు,
టోపీకి ఆ చిల్లేమిటని తాత అడిగితే
ఏం చెప్పాలని.