ఏడో గీతకి ఇవతల

ఇంట్లో ఉన్నది వేరే.
మైనాట్‌లో, నేలమాళిగలో, దుప్పటి కప్పుకుని ఉంటుంది.
రెండు మెడలు, ఎనిమిది పెడళ్ళు, ముప్పై ఐదు కిలోలు.
దాన్ని లారీలోకి ఎక్కించాలంటే
నన్ను దింపెయ్యాలి.

మూడు వారాలకోసారి ఇల్లు చేరతాను.
అప్పటికి వేళ్ళు మొద్దుబారి ఉంటాయి,
స్టీరింగ్ పట్టిన చేతికి జారు గుర్తుండదు.
అందుకని చిన్నగా, చవగ్గా,
పోయినా ఏడవక్కర్లేనిది ఒకటి
వెతుకుతున్నాను, నాలుగు రాష్ట్రాలుగా.

టుకుమ్‌కారీలో డీజిల్ పట్టిస్తూ చూశాను:
రోడ్డవతల తాకట్టు కొట్టు.
గుర్రపు జీనులు, డ్రిల్లింగు మిషన్లు,
ఎవరెవరివో పెళ్ళి ఉంగరాలు అట్టపెట్టెలో, సైజుల వారీగా.
యుసేబియో లుసేరో కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి
"గిటారంటే అవిగో, గోడ నిండా" అన్నాడు.
అవి కాదు, ఒడిలో పడుకోబెట్టేది, అన్నాను.
నన్నొకసారి, నా బూట్లనొకసారి చూసి
లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

తెచ్చింది గిటార్‌లా లేదు.
రొట్టెల పీట అనుకోవచ్చు, పడవ తెడ్డు అనుకోవచ్చు.
ఆరు తీగల్లో నాలుగు తుప్పు.
ఒక బిరడాకి తల లేదు, పటకారుతో తిప్పాలి.
ఏడో గీతకి కాస్త ఇవతల
ఎర్రటి గోళ్ళరంగు చుక్క,
ఎవరో గురి తప్పి పెట్టినట్టు.

"తొంభై" అన్నాడు.
"నలభై" అన్నాను.
అతను బేరమాడలేదు. కథ మొదలుపెట్టాడు.
అదీ బేరంలో ఒక ఎత్తేనని తెలుసు. అయినా విన్నాను.

"తెలెస్ఫోరో అని, రైలు పట్టాల పనివాడు.
ఎనభై డాలర్లకి దీన్ని తాకట్టు పెట్టాడు.
నెలనెలా ఒకటో తారీఖున వచ్చి
పన్నెండు డాలర్లు వడ్డీ కట్టి
ఆ మూల స్టూలు మీద పావుగంట వాయించుకుని
మళ్ళీ నాకే అప్పజెప్పి వెళ్ళేవాడు.
పదకొండేళ్ళు.
అసలు ఎప్పుడూ కట్టలేదు.
ఇంట్లో ఉంటే తాగి అమ్మేస్తానని భయం ఆయనకి.
ఒక ఒకటో తారీఖున రాలేదు.
ఇంకో రెండేళ్ళు ఆగి, చీటీ విప్పాను."

మైళ్ళు లెక్కపెట్టి బతికేదాన్ని, నోటిలెక్క ఆగదు:
పదిహేను వందల ఎనభై నాలుగు.
చవక సరుకు కోసం వచ్చి
నేను కొనలేనిదాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాను.
అరవై ఇచ్చాను. తీసుకున్నాడు.
రసీదులో "సంగీత పరికరం, పాతది" అని రాశాడు.

తీగల మీద ఆనించే ఉక్కు కడ్డీ లేదు.
పనిముట్ల పెట్టె కెలికితే
పంతొమ్మిది నంబరు పొడుగు సాకెట్ చేతికొచ్చింది.
నూనె తుడిచాను.

రాత్రి, లారీల బారులో, సీటు వెనక పరుపు మీద
దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.
ఆంప్లిఫయర్ లేదు. దోమంత గొంతు.
పక్క లారీలో కుక్క కూడా చెవి ఎత్తలేదు.
ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతూ
ప్రతిసారీ దాటిపోయాను,
ఇరవై ఏళ్ళలో ఒక్క మలుపూ దాటిపోనిదాన్ని.

అప్పుడు వెనక శీతల యంత్రం అందుకుంది.
ఇరవై టన్నుల బఠాణీలు చెడిపోకుండా
రాత్రంతా ఒకే స్వరం మీద గుర్రుపెడుతుందది.
ఆరేళ్ళుగా దాన్ని తిట్టుకుంటూనే పడుకున్నాను.
దానికే శ్రుతి చేశాను,
ఒక్కో తీగనీ, చివరిదాన్ని పటకారుతో.

సాకెట్ ఆ ఎర్రచుక్క మీదికి తెచ్చాను.
గీత మీద కాదు, ఇవతల.
నాకొచ్చిన ఏ పాటలోనూ లేదు ఆ చోటు.
యంత్రం గుర్రు పక్కన మాత్రం
అది తప్పు కాదు.
మళ్ళీ మీటాను. మళ్ళీ.
గడియారం చూస్తే పావుగంట.

నాలుగింటికి లేవాలి,
బఠాణీలు బార్‌స్టోలో దిగాలి.
తారీఖు ఎంతో గుర్తులేదు.
ఒకటో తారీఖైతే కాదు.