తడి సిమెంటు

ఆ ఏడు ఎడ్లబళ్ళు మా ఊరికొచ్చాయి.
వందేళ్ళ నాటి వలసదారినే మళ్ళీ తొక్కుతున్నారట.
చర్చి ముందు తడి సిమెంటు పరిచింది మా నాన్న, త్సెలీసో.
చక్రం దాని మీదుగా పోయి అచ్చు వదిలింది.

గెసీనా దొరసాని బానెట్ ముడి విప్పకుండానే ఏడ్చింది.
ఇంగ్లీషువాళ్ళ శిబిరంలో
జ్వరాలతో పోయిన ఇద్దరు చెల్లెళ్ళ పేర్లు
చక్రానికి చెప్పుకుంది.
దొంగేడుపు కాదది, నేను చూశాను.

మాకూ ఉండేదొక శిబిరం, రైలుకట్ట అవతల.
నాయనమ్మ అక్కడే పోయింది.
ఆమె పేరు అడిగిన చక్రం లేదు.

"ఈ నేల మాది" అని పాడారు.
నాన్న తాపీ కడుక్కుంటూ విన్నాడు,
తడి చేతులు జేబులోని పాసుకు తగలకుండా.
ఇంటికొచ్చి ఆ మాటను సెసోతోలోకి తిప్పి
మెల్లిగా అన్నాడు,
కూరలో ఉప్పు చూసినట్టు.
సరిపోయిందని తలూపాడు.

తర్వాత స్కూలుగదిలో మీటింగులు.
లాంతరు వెలుగు చాలక సగం సగం మొహాలు.
నాన్న లేచి అదే మాట, ఈసారి గట్టిగా.

పదేళ్ళకు
గెసీనా కొడుకు పోలీసు బూట్లతో మా గుమ్మం దాటి
"ఈ మాట నీకెవడు నేర్పాడ్రా?" అన్నాడు.

నాన్న చొక్కా వెతుక్కుంటూ
"చర్చి ముందు విన్నాను బాబూ,
మీ అమ్మగారూ పాడారు" అన్నాడు.